ఫోన్ కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్ షాపు, అందులోనే మినీ బ్యాంకు నడుపుతున్నాను. వేలిముద్ర మిషను ఫోన్‌కి తగిలించి జనానికి డబ్బులిస్తాను. నాలుగేళ్ల నాటి ఫోన్. అప్‌డేట్లు ఆగి రెండేళ్లయింది, యాప్ మాటిమాటికీ మొరాయిస్తోంది. విశాఖలో ఉండే మా తమ్ముడు ఈమధ్యే వచ్చిన ఓ కొత్త కంపెనీ ఫోన్ కొనమంటున్నాడు. ఆఫర్లు పోను 30,000. మొదటి రోజే స్టాకంతా అయిపోయిందట, వచ్చే వారం మళ్లీ సేల్ అట. తన క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టిస్తానంటున్నాడు. మావారు అప్పు వద్దు, చీటీ పాడేద్దామంటారు. నెలకు 2,000 చొప్పున 25 నెలల చీటీ, తొమ్మిది నెలలు కట్టాం, ఇప్పుడు పాడితే 9,000 పోతుంది. నాకేమో గల్లాలో తిరిగే 35,000లోంచి తీయాలనుంది. పోస్టాఫీసులో 24,000 ఉంది గానీ అది ముట్టకూడదని పెట్టుకున్నది. ఇంకొకటి, కంపెనీ వాళ్లు కెమెరా గురించి బోలెడు రాశారు, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో మాత్రం ఎక్కడా లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు ఆ చివరి మాట రాయకపోతే నేను తిన్నగా డబ్బు లెక్కల్లోకి దిగిపోయేవాణ్ని. ముందు దాని సంగతి చూద్దాం.

మీ తమ్ముడికి ఫోన్ అంటే ఫొటోలు, వీడియోలు. మీకు అది కిరాణా కొట్లో కాటా లాంటిది. అది ఆగితే బేరం ఆగినట్టే. వేలిముద్ర పడాలంటే మూడు కుదరాలి. బ్యాంకు యాప్, వేలిముద్ర మిషనును ఫోన్ గుర్తుపట్టేలా చేసే ఆ మిషను కంపెనీ ఆర్‌డీ సర్వీస్ యాప్, వాటి కింద ఉండే ఆండ్రాయిడ్. మొదటి రెండూ ఎప్పటికప్పుడు కొత్తవి అవుతుంటాయి, ఆండ్రాయిడ్ మాత్రం ఫోన్ కంపెనీ ఇస్తేనే వస్తుంది. కంపెనీ చేతులెత్తేస్తే ఏదో ఒక రోజు యాప్ 'ఈ ఫోన్‌లో పనిచేయదు' అంటుంది. వాట్సాప్ కూడా 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాతవాటిని వదిలేసింది. బ్యాంకు యాప్‌లు అంత పాతబడేదాకా ఆగవు. పైగా సెక్యూరిటీ అప్‌డేట్లు లేని ఫోన్‌లో ఊరందరి డబ్బు లావాదేవీలు చేయడం మీకే ప్రమాదం. నేనూ ఒకసారి తొలిరోజు సేల్‌లో ఎగబడి కొన్నాను. ఏడాది తిరక్కుండానే అప్‌డేట్లు ఆగిపోయాయి. పోనీలే అనుకున్నాను, ఎందుకంటే నాకు దానిమీద బతుకుతెరువు లేదు. మీకు ఉంది.

ఇక 'స్టాకంతా అయిపోయింది' అనే మాట. 2014 సెప్టెంబరులో రెడ్‌మి 1ఎస్ ఫోన్లు 40,000 మన దేశంలో 4.2 సెకన్లలో అమ్ముడయ్యాయి. అక్కడ ఎన్ని అమ్మకానికి పెట్టారో కంపెనీయే చెప్పింది. చాలామంది ఆ అంకె చెప్పరు. వెయ్యి ఫోన్లు పెట్టి అమ్మినా స్టాక్ అయిపోయినట్టే కదా! ఇంకో కిటుకుంది. కొన్నిసార్లు షాపులకు పంపిన ఫోన్లను కూడా అమ్మకాల అంకెల్లో కలిపి చెబుతారు. అవి అలమరలోనే ఉండిపోయినా మనకు తెలియదు.

పెద్ద పేరున్న కంపెనీలైతే ఇలా జరగదనీ అనుకోవద్దు. 2012 ఏప్రిల్‌లో నోకియా లూమియా 900ని అమెరికాలో ఆర్భాటంగా విడుదల చేశారు. జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ ఫోన్లు నడిచే సాఫ్ట్‌వేర్‌లో కొత్తదైన విండోస్ ఫోన్ 8ని ప్రకటించి, అది పాత ఫోన్లకు రాదని చెప్పేసింది. అప్పటికి ఆ ఫోన్ వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. 7.8 అని ఓ చిన్న అప్‌డేట్‌తో సరిపెట్టారు. జులైకల్లా, నెట్‌వర్క్ కంపెనీతో కాంట్రాక్టు కుదుర్చుకుంటే ఇచ్చే ధర 100 డాలర్ల నుంచి 50కి దిగింది. మొదటి వారం ఎగబడి కొన్నవాళ్లు అటు డబ్బూ ఎక్కువ పెట్టారు, ఇటు కొత్త సాఫ్ట్‌వేరూ రాలేదు.

మీ తమ్ముడి మాటలోనూ కొంత నిజముంది. బాగా అమ్ముడైన ఫోన్‌కి కవరు, గ్లాసు, డిస్‌ప్లే మీ ఊళ్లోనే దొరుకుతాయి. అయితే ఆ సంగతి ఆరు నెలలు పోయాక తెలుస్తుంది, మొదటి రోజు కాదు.

ఇప్పుడు లెక్క. ధరను అప్‌డేట్లు మిగిలిన నెలలతో భాగించండి. ఆ కొత్త ఫోన్‌కి మాటే ఇవ్వలేదు కాబట్టి నేనైతే రెండేళ్లకు మించి వేయను. 30,000ని 24తో భాగిస్తే నెలకు 1,250. ఇప్పుడు ఇరవై వేల లోపు ఫోన్లకూ ఎక్కువేళ్లు ఇస్తున్నారు. 2024 అక్టోబరులో 18,999 నుంచి మొదలైన శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల మాట ఇచ్చారు. అదే కొనమని కాదు, ఆ ధరలో అలాంటి మాట దొరుకుతుందని చెప్పడానికే. గడువు మీరు కొన్న రోజు నుంచి కాకుండా, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి నడుస్తుందని మరిచిపోకండి. ఆరేళ్లూ వేసుకోవద్దు కూడా. రోజంతా మిషను పిన్ను పెట్టి తీసే చార్జింగ్ పోర్టు అంతకాలం ఆగదు. అలాంటి ఫోన్ 18,000 అనుకుని, నాలుగేళ్లే వేసుకున్నా నెలకు 375 పడుతుంది. మీరు పోల్చాల్సింది ఈ రెండు అంకెల్ని.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకపోవడం అంటూ ఉండదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ మేరకు ధర తగ్గించినట్టు చూపించి, తిరిగి వడ్డీగా కట్టించుకుంటారు. ఏడాదికి 15 శాతం అనుకుంటే 30,000లో దాదాపు 2,300 వడ్డీ. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది 414. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దానికీ జీఎస్టీ ఉంటుంది. అంతా కలిపి 650 దాకా. నిజానికి ఆ 650తో కొంప మునిగిపోదు. ఒక నెల మీ దగ్గర ఆలస్యమైతే దెబ్బ మీ తమ్ముడి సిబిల్ స్కోరు మీద పడుతుంది, అదీ నాకు నచ్చనిది. రేపు అతను ఇంటి లోనుకు వెళ్తే, అక్క ఫోన్ గురించి బ్యాంకులో సంజాయిషీ చెప్పుకోవాలా?

మీవారి చీటీ ఆలోచన ఇంకా ఖరీదు. 50,000 చీటీకి 41,000 తెచ్చుకుని, ఫోన్‌కి 30,000 పెడితే మిగతా 11,000 ఎటు పోయిందో నెల తిరిగేసరికి తెలియదు. అప్పు వద్దంటున్నారు గానీ, ముందే పాడిన చీటీ అప్పే. ఇంకా 16 నెలలు కడుతూనే ఉండాలి. చివరి నెలల్లో పాడుకుంటే పోయేది బాగా తగ్గుతుంది. దాన్ని అలా నడవనివ్వండి.

గల్లా జోలికి అస్సలు వెళ్లొద్దు. మీ చేతి నోట్లు ఇచ్చేస్తారు, ఆ మొత్తం మీ వాలెట్లో పడుతుంది, మళ్లీ నోట్లు తెచ్చుకుంటారు. అదీ మీ వ్యాపారం. రాఖీ పున్నమికో మార్చి 8కో ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం సొమ్ము 5,000 పడగానే మీ షాపు ముందు ఎంతమంది ఉంటారో నాకంటే మీకే తెలుసు. 35,000 ఉంటే ఏడుగురికి ఇచ్చి మళ్లీ బ్యాంకుకు పరిగెత్తాలి. అందులో 18,000 తీసేస్తే మూడో మనిషితోనే గల్లా ఖాళీ. నాలుగో ఆవిడ పక్క షాపుకి వెళ్తుంది, ఆ తర్వాత అక్కడికే అలవాటు పడుతుంది.

అందుకే పోస్టాఫీసు డబ్బులోంచే 18,000 తీయండి. ముట్టకూడదన్న మీ పట్టుదలకు దండం పెట్టాలి, కానీ ఇలాంటి అవసరానికే అది ఉన్నది. అప్పుడూ 6,000 మిగులుతుంది. కార్డుకు నెలనెలా 2,500 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అందులో 1,500 ఆ ఖాతాకే కట్టండి. ఏడాదికి 18,000 తిరిగి వచ్చేస్తుంది.

కొనేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఎన్నేళ్ల మాట ఇచ్చారో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా రాతలో ఉన్నదే చెల్లుతుంది. సర్వీస్ సెంటర్ ఎక్కడో అడగండి. బరంపురమో విశాఖో పంపాలంటే అన్ని రోజులూ మీ మినీ బ్యాంకు మూతే. అందుకే పాత ఫోన్‌ని ఒక నెల పక్కన ఉంచి, ఆ తర్వాత అందులోని బ్యాంకు యాప్‌లు తీసేసి మొత్తం రీసెట్ చేసి పిల్లలకు ఇవ్వండి.

ఫోన్ మీ ఊళ్లోనో పాతపట్నంలోనో షాపులోనే కొనండి, ఆన్‌లైన్‌లో వద్దు. వెళ్లేటప్పుడు వేలిముద్ర మిషను, దాన్ని ఫోన్‌కి తగిలించే ఓటీజీ కేబులు సంచిలో వేసుకెళ్లండి. షాపువాణ్ని అడిగి డెమో ఫోన్‌కి తగిలించి, ఆర్‌డీ సర్వీస్ యాప్ ఎక్కించి వేలు పెట్టి చూడండి. కొన్ని కంపెనీల ఫోన్లలో మిషను పది నిమిషాలు ఊరికే ఉంటే ఓటీజీ దానంతటదే ఆగిపోతుంది. క్యూలో ముసలివాళ్లు నిలబడి ఉండగా ప్రతిసారీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయడం ఎంత చిరాకో ఊహించుకోండి. కాబట్టి మిషను అలా తగిలించే ఉంచి, మీవారితో కలిసి పక్కన టీ తాగి రండి. వచ్చాక మళ్లీ వేలు పెట్టండి. అప్పుడూ పడితే డబ్బు కట్టండి.