కుటుంబ ప్రార్థన అంటేనే తప్పించుకుంటున్నాడు

ప్రశ్న: రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. మావారు గంటసేపు చేస్తారు. పదో తరగతి చదివే మా అబ్బాయి పేరెత్తి, ‘ప్రభువా, ఈ మొండివాడికి బుద్ధి ఇవ్వు’ అంటూ మార్కుల దగ్గర్నుంచి సెల్‌ఫోన్ దాకా అన్నీ చెబుతారు. ఇప్పుడు వాడు ఆదివారం చర్చికీ రానంటున్నాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి దేవుడు వద్దన్నట్టు మీరు రాయలేదు. వాడు వద్దంటున్నది ఆ గంటను. నాన్న మామూలుగా కోప్పడితే ఎదురు చెప్పొచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. కళ్లు మూసుకుని ప్రభువుకు చెబుతుంటే ఆ వీలుండదు. పైగా చివర్లో తనూ ‘ఆమేన్’ అనాలి. దాంతో దేవుడు కూడా నాన్న పక్షమేనని వాడి మనసులో పడిపోతుంది.

బైబిల్లో మత్తయి 5:23, 24 మీవారికి తెలిసే ఉంటుంది. అర్పణ తెచ్చినవాడికి, తన మీద సహోదరుడికి ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు సమాధానపడి రావాలి. అంటే మొదటి అడుగు నాన్నదే. ఈ సంగతి పిల్లవాడు లేనప్పుడు, పగటిపూట ఆయనతో మాట్లాడండి. పాస్టరుగారి దాకా ఇప్పుడే వెళ్లొద్దు, వాడికది ఇంకో పంచాయితీలా ఉంటుంది. ఆయన కొడుకుతో చెప్పాల్సింది ఒక్కటే: ‘నీ తప్పులు ఇకమీదట అందరి ముందూ ప్రార్థనలో ఎత్తను, నన్ను క్షమించు.’ ‘అయినా నువ్వు కూడా...’ అని తోక తగిలిస్తే చెప్పినదంతా వృథా. కొడుకు కోసం తండ్రి మొరపెట్టాల్సిందే, కానీ తలుపు వేసుకుని, ఒంటరిగా.

ఇక వేళ మార్చండి. భోజనానికి ముందు, పదిహేను నిమిషాలు చాలు. ఒక కీర్తన పల్లవి, రెండు చరణాలు. మార్కు సువార్త నుంచి పది వచనాలు. పదహారు అధ్యాయాలే కాబట్టి రెండు నెలలు దాటేసరికి పూర్తవుతుంది. చదివాక ‘ఏం నేర్చుకున్నావు?’ అని అడగకండి, పరీక్షలా ఉంటుంది. ‘ఇందులో ఏది అర్థం కాలేదు?’ అనండి. ముందు మీవారే తనకు అర్థంకానిది చెబితే పిల్లవాడికి నోరు పెగులుతుంది. తర్వాత తలా రెండు వాక్యాల ప్రార్థన. వాడు మౌనంగా కూర్చుంటే కూర్చోనివ్వండి.

కొద్ది రోజులకే ఆ పదిహేను నిమిషాలు మెల్లగా నలభై అవుతాయి, జాగ్రత్త. మార్కులు తగ్గిన రోజు పాత మాట మళ్లీ ఆయన నోట రావచ్చు. వస్తే ఆ రాత్రే క్షమాపణ అడగాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

చర్చి విషయంలో ఫోను, జేబుఖర్చు ఆశ చూపి బేరం పెట్టొద్దు. అక్కడ ఎవరైనా వాడిని అవమానించారా, ఇంకేదైనా ఇబ్బంది పెట్టారా అని మీరొక్కరే ఉన్నప్పుడు నెమ్మదిగా అడగండి. చెబితే నమ్మండి. తిండి, నిద్ర, స్నేహితులు అన్నీ మానేసి ముడుచుకుపోతుంటే మాత్రం ప్రార్థనతో సరిపెట్టక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.