సంగీత శాస్త్రం సిలబస్‌లోకి అందరి సంగీతం ఎలా వస్తుంది?

యూనివర్సిటీ మ్యూజిక్ థియరీ క్లాసులో దళితుల, ముస్లింల, ఆడవాళ్ల సంగీతానికి చోటు ఎలా ఇవ్వాలని అడిగారు. చివర్లో 'జానపదం' అని ఒక యూనిట్ తగిలిస్తే సరిపోదండీ, పిల్లలు దాన్ని పరీక్ష ముందు రోజు రాత్రి చదివి వదిలేస్తారు. పాఠంలో ఇచ్చే ఉదాహరణలే మార్చాలి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. పీర్ల పండగకి డప్పులవాళ్లు ముందు గడ్డి మంట వేసి, డప్పుని దాని మీద తిప్పుతూ కాచి, తోలు బిగిసి ఖంగుమనే దాకా తట్టి చూసుకుంటారు. బిగువు పెరిగితే శ్రుతి పెరుగుతుందనే పాఠం అక్కడే ఉంది, తంబురా ఒక్కటే దిక్కు కాదు. తర్వాత ఆ దరువుని రాయమనండి. కర్ణాటక సంగీతంలో ఏడు తాళాల్ని ఐదు జాతులతో (లఘువులో ఉండే దెబ్బల లెక్క) హెచ్చిస్తే వచ్చే 35 తాళాల లెక్కలో అది ఎంతవరకు ఇముడుతుంది, సన్న పుల్ల దెబ్బకీ లావు పుల్ల దెబ్బకీ తేడా ఏ గుర్తుతో చూపిస్తారు? మన స్వరలిపి ఎక్కడ చాలదో అప్పుడు తెలుస్తుంది.

గమకాలకి, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించే పద్ధతులకి, మా పక్కనే ఉన్న కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం వినిపించండి. 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వాళ్లిచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారాయన. త్యాగరాజు గురించి చెప్పేటప్పుడు తిరువాయూరులో ఆయన సమాధికి గుడి కట్టించిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారినీ, అక్కడ ఆడవాళ్లని పాడనివ్వని రోజుల్నీ చెప్పండి.

72 మేళకర్తలు (మిగతా రాగాలకి మూలమైన రాగాలు) తీసేయమని ఎవరూ అనట్లేదు (ఈ భయం చాలామందికి ఉంది). ఇంకోటి, డప్పు కళాకారుణ్ని క్లాసుకి పిలిస్తే గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే డబ్బులే ఇవ్వండి, శాలువా కప్పి పంపించేయకండి.