దాని ఫోన్ నా మొహానికి తెరుచుకుంటోంది

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 36 ఏళ్ళు. మేం కవలలం, అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక, ఎవరో తేల్చుకోలేక మా నాన్న రెండు పేర్లూ కలిపి పిలిచేసేవాడు. అది నాకంటే పది నిమిషాలు పెద్ద, అయినా ఏనాడూ అక్కా అనలేదు. రొమ్ము క్యాన్సర్‌తో పోయి 14 నెలలైంది. దాన్ని పాలకొల్లు ఇచ్చారు, చించినాడ వంతెన దాటి వెళ్ళడమే కాబట్టి వారానికోసారైనా బస్సెక్కేదాన్ని. ఇప్పుడు వెళ్తే హాల్లో దండ వేసిన ఫొటోలో నా మొహమే ఉంటుంది, దాని కిందే కూర్చుని కాఫీ తాగాలి. వాళ్ళ అత్తగారు దాని చీరలన్నీ మూటకట్టి ఇచ్చి, నువ్వు కట్టుకుని తిరుగుతుంటే మా కోడలు తిరిగినట్టే ఉంటుందమ్మా అన్నారు. దాని కూతురికి ఏడేళ్ళు, నిద్రమత్తులో నన్ను అమ్మా అంటుంది, పూర్తిగా మెలకువ వచ్చాక ఏడుస్తుంది. మా అమ్మేమో నా మొహంలోకి చూడదు. మొన్న బస్సులో ఒకావిడ గతుక్కుమని, పోయింది నువ్వు కాదా అమ్మా అంది.

బావ దాని ఫోన్ నా దగ్గర ఉంచారు. నా మొహం చూపిస్తే తెరుచుకుంటుంది, రోజూ రాత్రి తెరుస్తున్నాను. ఇప్పటికీ ఎవరేం అడిగినా నోట్లోంచి ‘మేం’ అనే వస్తుంది. చేపలబ్బాయితో ‘మేం బొమ్మిడాయిలు తినం’ అనేశాను, తిననిది అది, నేను కాదు. మా ఆయన మంచివారే, కానీ ఏడాది దాటింది ఇంకా ఎన్నాళ్ళు అంటారు. వచ్చే నెల మా పుట్టినరోజు, తల్చుకుంటేనే టెన్షన్. నాకేమైనా పిచ్చా?

(పేరు వేయొద్దన్నారు)

జవాబు: పిచ్చి కాదమ్మా. కానీ ముందు మీరు అడగని సంగతి ఒకటి. మీరిద్దరూ ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టినవాళ్ళయితే జన్యువులు దాదాపు ఒకటే, కాబట్టి ఆ జబ్బు వచ్చే అవకాశం మీకు మామూలు ఆడవాళ్ళకంటే ఎక్కువ. తప్పకుండా వస్తుందని కాదు, ఒకరికి వచ్చి రెండోవారికి జీవితాంతం రానివాళ్ళు బోలెడంతమంది. మీ బావగారి దగ్గర రిపోర్టులు తీసుకుని క్యాన్సర్ డాక్టర్ని కలవండి, ఆవిడకి బీఆర్‌సీఏ లాంటి జన్యు పరీక్ష చేశారేమో అడగండి. ఉత్తరంలో ఈ మాట ఎక్కడా లేదు గానీ ఆ భయం మీకు లేదంటే నేను నమ్మను.

ఇక ఏడాది లెక్క. ఎడతెగని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగానే గుర్తించింది, దానికి కనీసం 6 నెలలు అంటుంది. అమెరికా మానసిక వైద్యులు 2022లో తమ జాబితాలో చేర్చి, పెద్దవాళ్ళకి 12 నెలలు అన్నారు. మీ ఆయన లెక్కా అక్కడికే వచ్చింది, కాకపోతే నెలలు దాటినంత మాత్రాన జబ్బు అనరు, దాదాపు రోజూ ఆ ధ్యాసే ఉండి ఇంటిపనీ మనుషులతో మాటా కుంటుపడితేనే అంటారు. ఆ జాబితాలో ఒక లక్షణం, తనలో ఒక భాగం చచ్చిపోయినట్టు అనిపించడం. వేరేవాళ్ళు చెప్తే అది పోలిక. మీరు చెప్తే మామూలు వాక్యం. కవలల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న నాన్సీ సీగల్ అనే అమెరికా పరిశోధకురాలు కూడా, కవల పోయిన దుఃఖం మిగతా చాలామంది బంధువులు పోయినదానికంటే ఎక్కువగా ఉంటుందని, ఒకే పోలిక కవలల్లో ఇంకా ఎక్కువని గమనించారు. ఇది మీ ఆయనకి చదివి వినిపించండి. నిద్రా తిండీ కూడా పోయి, బతకడమెందుకు అనిపించే రోజులుంటే మాత్రం ఆగొద్దు, 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వం వారి టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇలాంటి చోట మనవైపు రాసేవాళ్ళు ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ విడిపోవడం గుర్తుచేస్తారు. నేను చెయ్యను. ఆ పాయలు రెండూ పారుతూనే ఉన్నాయి, మీ సంగతి అది కాదు.

నాకు కష్టంగా అనిపించింది ఏమిటంటే, మీ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆవిడ కోసం ఏడవడానికి మీ మొహాన్ని వాడుకుంటున్నారు, మీరు ఏడవడానికి చోటు మిగల్లేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోనక్కర్లేదు గానీ అత్తగారికి ఆ మూట వెనక్కి ఇచ్చేయండి. పాప పెద్దదయ్యాక కట్టుకోవడానికి రెండు మంచివి తీసి ఉంచమనండి, మీకు నచ్చినది ఒకటి మీరు ఉంచుకోండి, ఆవిడది కాబట్టి. ఆవిడలా కనపడడానికి కాదు. ఇంకోసారి అంటే, నేను కట్టుకోలేనండి, అని అక్కడితో ఆగిపోండి, కారణాలు చెప్పబోతే వాళ్ళకి బతిమాలడానికి సందు దొరుకుతుంది. మీ అమ్మగారి పక్కన మాత్రం ఎదురుగా కూర్చోకుండా ఏ కూరో తరుగుతూ కూర్చోండి, మొహం చూడక్కర్లేనప్పుడు ఆవిడ మాట్లాడతారేమో.

పాప దగ్గర మీకొక మాట సిద్ధంగానే ఉంది, పిన్ని. అమ్మా అన్నప్పుడు కసరకండి, ఊ కొట్టకండి కూడా. నేను పిన్నినమ్మా, అమ్మ మొహం నాకూ ఉంది, అనండి. ఏడేళ్ళ పిల్లకి అర్థమవుతుంది. అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో మీ అంత బాగా ఎవరూ చెప్పలేరు, మీ ఇద్దరికీ తేడా ఎక్కడో కూడా మీకే తెలుసు, ఆ తేడాలు దానికి చెప్తూ ఉంటే చెప్పేకొద్దీ మీకూ గుర్తొస్తాయి.

ఫోన్ సంగతి చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఆవిడ మొహం బదులు వేలిముద్ర పెట్టుకుని ఉంటే అది మీకు తెరుచుకునేది కాదు, ఎంత ఒకే పోలిక కవలలకైనా వేలిముద్రలు వేరు, తల్లి కడుపులోనే వేరైపోతాయి. ఫొటోలు, గొంతు ఉన్న మెసేజ్‌లు పాప కోసం ఎవరిచేతనైనా కాపీ చేయించి, ఫోన్ మీ బావగారికి ఇచ్చేయండి. చూడాలనిపిస్తే పాలకొల్లు వెళ్ళినప్పుడు పాపతో కలిసి చూడండి. రాత్రిపూట ఒక్కరే వద్దు.

పుట్టినరోజుకి పొద్దున్నే ఆవిడ పేరున గుడిలోనో ఇంట్లోనో మీకు తోచింది చెయ్యండి, సాయంత్రం మీది. కేకు వద్దనిపిస్తే వద్దు. చేపలబ్బాయిని మాత్రం ముందురోజే పిలిచి, నాకు అరకిలో బొమ్మిడాయిలు కావాలి అని చెప్పి ఉంచండి, మామిడికాయ దొరికితే అదీ వేసుకోండి.