వేట లేని రోజుల్లో ఎండుచేప: ఆహారం, క్యాన్సర్ లెక్కలు ఎలా తేలుస్తారు?

ప్రశ్న: మాది పెదజాలరిపేట. మా అమ్మకు 66 ఏళ్లు. క్రితం నెలలో ఒక ఆరోగ్య సర్వేవాళ్లు మా ఇంటికి వచ్చి, గత ఏడాదిలో ఎండుచేపలు ఎన్నిసార్లు తిన్నారు, పప్పు ఎన్నిసార్లు, ఆకుకూర ఎన్నిసార్లు అని ముప్పావుగంట సేపు అడిగి ట్యాబ్‌లో నమోదు చేసుకున్నారు. "వేట ఉంటే పచ్చిచేప, వేట లేకపోతే ఎండుచేప, దీనికి లెక్కేటమ్మా?" అని అమ్మ నవ్వేసింది. చివరికి వాళ్లే "వారానికి రెండుసార్లు" అని రాసుకుని వెళ్లారు. ఫలానాది తింటే క్యాన్సర్ వస్తుందని పత్రికల్లో వచ్చేది ఇలాంటి లెక్కలను బట్టేనా? ఉప్పుచేప క్యాన్సర్ కారకమని చదివినప్పటి నుంచి నెత్తళ్లు వండాలంటే భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మగారు నవ్వుతూ అడిగిన ప్రశ్న చిన్నదేమీ కాదమ్మా. ఆహారానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వెతికే పరిశోధకులను అన్నిటికంటే ఎక్కువగా వేధించే ప్రశ్న అదే. సిగరెట్లు తాగే మనిషిని రోజుకు ఎన్ని అని అడిగితే ఒక అంకె చెబుతాడు. తిండి అలా కాదు. పూట పూటకూ మారుతుంది, ఒకరు వండితే నలుగురు తింటారు, కూరలో నూనె ఎంత పడిందో వండిన మనిషికి తప్ప తిన్న మనిషికి తెలియదు. పైగా క్యాన్సర్ బయటపడేది ఈ రోజు తిన్న తిండి వల్ల కాదు. చాలా క్యాన్సర్లు పదేళ్లో ఇరవయ్యేళ్లో లోలోపల పెరిగి అప్పుడు కనబడతాయి. అంటే పరిశోధకుడికి కావలసింది మనిషి నిన్న ఏం తిన్నాడన్నది కాదు, ఏళ్ల తరబడి ఏం తింటూ వచ్చాడన్నది.

దానికోసం వాడే పద్ధతుల్లో మీ ఇంటికి వచ్చింది ఒకటి. ఒక్కొక్క పదార్థం పేరూ చదివి, "ఎప్పుడూ లేదు, నెలకు ఒకటి రెండుసార్లు, వారానికోసారి, రోజూ" అన్న గడుల్లో ఒకదాన్ని ఎంచుకోమనే ప్రశ్నావళి అది. రెండోది, గడిచిన 24 గంటల్లో తిన్నదంతా గుర్తు చేయించడం. ఈ పద్ధతిలో సర్వేవాళ్లు కొలత గిన్నెలు, గరిటెలు వెంట తెచ్చుకుని, అన్నం ఈ గిన్నెతో ఎంత, పులుసు ఈ గరిటెతో ఎన్ని అని చూపించి అడుగుతారు. తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 పదార్థాలను విశ్లేషించి వేసిన పట్టికల వంటివి ముందు పెట్టుకుని, ఆ గరిటెలను మాంసకృత్తులుగా, పీచుగా, ఉప్పుగా మారుస్తారు. మూడోది, వండే ముందు ప్రతి దినుసునూ తూకం వేయించి రాయించడం. కచ్చితత్వం దీనిలోనే ఎక్కువ, కాని పక్కన త్రాసు పెడితే ఇంటావిడ ఆ వారమంతా వేరే వంటలు చేస్తుంది! నేను వైద్య విద్యార్థులకు పాఠం చెప్పే రోజుల్లో నిన్న తిన్నది కాగితం మీద రాయమంటే, దాదాపు ప్రతి కాగితంలోనూ ఇడ్లీలు ఉండేవి కానీ వాటి మీద పోసుకున్న నెయ్యి మాత్రం ఉండేది కాదు.

మరి ఇంత వదులుగా ఉన్న లెక్కతో పని జరుగుతుందా అంటే, కొంతవరకు జరుగుతుంది. ప్రశ్నావళి ప్రధానంగా చేసే పని, వేలమందిని ఎక్కువ తినేవారు, మధ్యస్థంగా తినేవారు, తక్కువ తినేవారు అని వరుసలో నిలబెట్టడం. మీ అమ్మగారి "వారానికి రెండుసార్లు" నిజానికి ఒకటిన్నరో మూడో అయినా, ఎండుచేప ముట్టనివారి పక్కన ఆమె స్థానం మారదు. అయితే తప్పులు ఎక్కువైన కొద్దీ వరుస చెదిరిపోతుంది, అప్పుడు ఉన్న సంబంధం కూడా లేనట్టుగా కనిపించే ప్రమాదం ఉంది. మన తీరంలో దీనికి ఇంకో చిక్కు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. మే నెలలో వచ్చి అడిగితే మీ అమ్మగారి జ్ఞాపకంలో ఎండుచేపే నిండి ఉంటుంది, డిసెంబరులో అడిగితే పచ్చిచేప. కాబట్టి పద్ధతి తెలిసినవారు ఒకే ఇంటికి వేర్వేరు రుతువుల్లో మళ్లీ మళ్లీ వెళ్తారు. మీ ఇంటికి వచ్చినవారు మళ్లీ వస్తే విసుక్కోకండి. కానీ అమ్మగారి బదులు వాళ్లే జవాబు రాసుకోవడం మాత్రం సరైన పని కాదు. తెలియదని చెబితే తెలియదనే రాసుకోవాలి.

జ్ఞాపకం మీద ఆధారపడకుండా శరీరాన్నే అడిగే మార్గాలూ ఉన్నాయి. 24 గంటల మూత్రంలో నత్రజనిని కొలిస్తే మనిషి తిన్న మాంసకృత్తులు ఎన్నో తేలుతుంది. చైనాలోని షాంఘైలో 1986 నుంచి 1989 మధ్య 18,244 మంది పురుషుల రక్తం, మూత్రం నమూనాలను తీసి భద్రపరిచారు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఆనవాళ్లు ఎవరి మూత్రంలో ఉన్నాయో, ఆ తర్వాత కాలేయ క్యాన్సర్ ఎవరికి వచ్చిందో పోల్చి చూశారు. ఆ ఆనవాళ్లతోపాటు హెపటైటిస్-బి కూడా ఉన్నవారిలో ప్రమాదం, రెండూ లేనివారికంటే దాదాపు 60 రెట్లు ఉన్నట్టు తేలింది. బూజు పట్టిన పల్లీలు ఎన్ని తిన్నావని అడిగితే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు, ఎందుకంటే తిన్నవాడికే అది తెలియదు.

ఇక ఎవరిని, ఎప్పుడు అడగాలన్నది ఇంకో ప్రశ్న. సులువైన దారి, ఇప్పటికే క్యాన్సర్ వచ్చినవారినీ రానివారినీ పక్కపక్కన పెట్టి పాత తిండి గురించి అడగడం. దీనిలో రెండు గోతులు ఉన్నాయి. జబ్బు వచ్చిన మనిషి "నేనేం తప్పు తిన్నాను" అని రాత్రింబవళ్లు తవ్వుకుంటాడు కనుక అతని జ్ఞాపకం వేరు, ఆరోగ్యవంతుడి జ్ఞాపకం వేరు. పోలికకు ఎవరిని తెచ్చామన్నది రెండో గొయ్యి. 1981లో అమెరికాలో 369 మంది క్లోమ క్యాన్సర్ రోగులను, 644 మంది ఇతర రోగులను పోల్చి, కాఫీ తాగితే క్లోమ క్యాన్సర్ వస్తుందన్న సూచన చేశారు. ప్రపంచమంతటా పత్రికలు దాన్ని అచ్చువేశాయి. పోలికకు తెచ్చినవారిలో చాలామంది అదే వైద్యుల దగ్గర కడుపు జబ్బులకు చూపించుకుంటున్నవారు, కడుపు మంట వల్ల కాఫీ అప్పటికే తగ్గించుకున్నవారు. వారి పక్కన పెడితే ఎవరైనా కాఫీ ఎక్కువ తాగినట్టే కనిపిస్తారు. తర్వాతి అధ్యయనాల్లో ఆ సంబంధం నిలబడలేదు.

అందుకని ఆరోగ్యంగా ఉన్నప్పుడే లక్షలమంది తిండిని నమోదు చేసుకుని, ఏళ్ల తరబడి వారిని వెంబడించే అధ్యయనాలు వచ్చాయి. ఐరోపాలోని 10 దేశాల్లో 5 లక్షల మందికి పైగా చేరిన ఎపిక్ అధ్యయనం ఆ కోవలోనిదే. వీటికి ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

అంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది, దాన్ని మన తీరం కథతోనే చెబుతాను. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అలవాటు, అదే అడ్డపొగ, మీకు తెలిసే ఉంటుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా అని కొందరు, పని చేసుకుంటుంటే బూడిద రాలకుండా అని కొందరు దానికి కారణం చెబుతారు. అంగిలికి నిప్పు సెగ, పొగ రెండూ తగిలి అక్కడ పుండ్లు, క్యాన్సర్ వస్తాయని పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. 1971లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆంధ్ర పల్లెల్లోని 10,169 మంది అంగిళ్లను పరీక్షించారు. ఇప్పుడు ఊహించండి. బయటి ఊరి నుంచి వచ్చిన పరిశోధకుడు చుట్ట సంగతి అడగడం మరిచిపోయి, తిండి ఒక్కటే అడిగి వెళ్లాడు. అంగిలి క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లు ఎండుచేప ఎక్కువ తింటున్నట్టు అతని లెక్కలో తప్పకుండా తేలుతుంది, ఎందుకంటే అడ్డచుట్ట తాగేదీ, ఎండుచేప తినేదీ ఆ ఇళ్లలోనే. తప్పు చుట్టది, నింద చేపది. దీన్ని పరిశోధకులు కన్‌ఫౌండింగ్ అంటారు. అందుకే మంచి ప్రశ్నావళిలో పొగాకు, మద్యం, చదువు, ఆదాయం, బరువు అన్నీ అడుగుతారు. అడిగి, చుట్ట తాగనివారిలో విడిగా, తాగేవారిలో విడిగా చేప లెక్క చూస్తారు.

మీ భయానికి వద్దాం. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గం కారకాల్లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయనడానికి గట్టి ఆధారాలున్నవాటిలో, చేర్చింది "చైనా పద్ధతి ఉప్పుచేప"ను. దక్షిణ చైనాలో చేపను ఉప్పులో వేసే ముందు కొంత మెత్తబడనిచ్చి, తర్వాత ఊరబెట్టి ఎండబెడతారు, తల్లిపాలు మాన్పించే వయసు నుంచే పిల్లలకు దాన్ని పెడతారు. ఆ ప్రాంతంలో ముక్కు వెనుక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్‌కు, ఈ అలవాటుకు సంబంధం పలు అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. ఇతర ఉప్పుచేపల విషయంలో ఏదీ తేల్చడానికి ఆధారాలు చాలవని అదే సంస్థ అప్పుడే వేరే వర్గంలో పెట్టింది. ఇంకొక మాట: ఈ వర్గాలు చెప్పేది ఆధారం ఎంత గట్టిది అన్నదే, ప్రమాదం ఎంత పెద్దది అన్నది కాదు. పొగాకూ, సాసేజ్ వంటి నిల్వ మాంసమూ మొదటి వర్గంలోనే ఉన్నాయి. 2015లో ఆ సంస్థ చెప్పిన ప్రకారం రోజూ 50 గ్రాముల నిల్వ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం 18 శాతం పెరుగుతుంది. అంటే ఒక చోట వెయ్యిమందిలో 20 మందికి వచ్చే జబ్బు ఇంచుమించు 24 మందికి వస్తుందన్నమాట. పొగాకు పెంచే ప్రమాదం శాతాల్లో కాదు, రెట్లలో ఉంటుంది. ఉప్పులో నిల్వ చేసిన ఆహారం ఎక్కువైతే జీర్ణాశయ క్యాన్సర్‌కు అవకాశం ఉందన్న ఆధారాలు ఉన్నాయి కనుక, నెత్తళ్లను రెండు మూడు నీళ్లు కడిగి, పులుసులో ఉప్పు తగ్గించి నిశ్చింతగా వండుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా అడ్డచుట్ట అలవాటు ఉంటే మాత్రం ముందు ఆ సంగతి చూడండి.

ప్రశ్న: పసుపులోని పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతుందని పరిశోధనలో రుజువైందట. క్యారెట్ సారం మాత్రలు, పసుపు మాత్రలు రోజూ వేసుకోవచ్చా?
— ఎంవీపీ కాలనీ నుంచి ఒక పదవీ విరమణ చేసిన ఉద్యోగి

జవాబు: గాజు పళ్లెంలో పెంచిన కణాలను చంపేవి చాలా ఉన్నాయండి, బ్లీచింగ్ పౌడరు కూడా చంపుతుంది. పళ్లెంలో పని చేసిన పదార్థం పేగు దాటి రక్తంలోకి ఎంత చేరుతుంది, చేరాక ఏం చేస్తుంది అన్నది మనుషుల్లో చూస్తే తప్ప తెలియదు. పసుపులోని కుర్కుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

క్యారెట్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. పళ్లు, కూరగాయలు ఎక్కువ తినేవారిలో, క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఎన్నో అధ్యయనాలు చూపాయి. అయితే ఆ పదార్థాన్నే మాత్రగా ఇస్తే సరి అనుకున్నారు. ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులను చీటీలు తీసినట్టు విభాగాలు చేసి, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. 1994లో ఫలితం వచ్చింది: మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో 18,314 మందితో జరుగుతున్న ఇలాంటి మరో ప్రయోగంలోనూ పెరుగుదలే కనిపించడంతో 1996 జనవరిలో దాన్ని మధ్యలోనే ఆపేశారు. కూరగాయలు తినే మనిషి మామూలుగా పొగ తక్కువ తాగుతాడు, ఇంకా పది విషయాల్లో జాగ్రత్తగా ఉంటాడు. ఆ మంచినంతా ఒక్క రసాయనానికి కట్టబెట్టారు. చీటీల పద్ధతికి ఉన్న బలం ఇక్కడే తెలుస్తుంది, ఎందుకంటే జాగ్రత్తపరులు, అజాగ్రత్తపరులు రెండు వైపులా సమానంగా పడతారు.

అన్నిటికీ ఇలాంటి ప్రయోగాలే ఎందుకు చేయరని మీరు అడగవచ్చు. మాత్రలు పంచినంత తేలిగ్గా తిండిని పంచలేరు. అమెరికాలో 48,835 మంది మహిళల్లో ఒక వర్గానికి కొవ్వు తగ్గించి తినడం నేర్పి ఎనిమిదేళ్లు చూస్తే, 2006లో వచ్చిన ఫలితాల్లో రొమ్ము క్యాన్సర్ కొంచెం తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత తేడా రాలేదు. కొవ్వు అనుకున్నంతగా వారు తగ్గించలేకపోవడం కూడా అందుకు ఒక కారణం. చారులో వేసే పసుపు వేసుకోండి. మాత్రల డబ్బుతో రైతు బజారులో కూరగాయలు కొనుక్కోండి, క్యారెట్‌ను క్యారెట్‌గా తినండి.

ప్రశ్న: నేను గాజువాకలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. పొగలు కక్కే టీ రోజుకు ఆరేడు గ్లాసులు తాగుతాను. వేడి టీతో క్యాన్సర్ వస్తుందా?

జవాబు: టీ వల్ల కాదు, వేడి వల్ల. 65 డిగ్రీలు దాటిన పానీయాలను పైన చెప్పిన క్యాన్సర్ పరిశోధన సంస్థే 2016లో "బహుశా క్యాన్సర్ కారకాలు" అన్న వర్గంలో చేర్చింది. వేడిని ఎలా కొలిచారన్నది వినదగినది. "వేడిగా తాగుతారా, గోరువెచ్చగానా" అని అడిగితే ఒకరి గోరువెచ్చన ఇంకొకరికి నాలుక కాలేంత. అందుకని ఇరాన్‌లోని గొలెస్తాన్ ప్రాంతంలో, 2004 నుంచి 2008 దాకా 50,045 మందిని చేర్చుకున్న అధ్యయనంలో, ఎదుటే టీ పోసి, ఒక కప్పులో థర్మామీటరు పెట్టి, 75 డిగ్రీల దగ్గర ఒక గుక్క తాగించి "మీరు రోజూ తాగే వేడి ఇదేనా" అని అడిగారు. కాదంటే అయిదు డిగ్రీలు చల్లారే దాకా ఆగి మళ్లీ అడిగారు. తర్వాతి పదేళ్లలో 317 మందికి అన్నవాహిక క్యాన్సర్ వచ్చింది. 60 డిగ్రీలకు పైబడిన టీని రోజుకు 700 మిల్లీలీటర్లో, అంతకు మించో తాగినవారిలో ఆ ప్రమాదం, తక్కువ టీని తక్కువ వేడితో తాగినవారికంటే 90 శాతం ఎక్కువ. మీ ఆరేడు గ్లాసులు చిన్నవైతే ఆ 700కు కాస్త అటూఇటూగా ఉంటాయి. గ్లాసులోంచి సాసరులోకి వంపుకుని ఊదుకుంటూ తాగే పాత పద్ధతి మీ నాన్నగారికి ఉండే ఉంటుంది. లేదంటే గ్లాసు చేతిలోకి తీసుకుని ఒక అయిదు నిమిషాలు ఆగండి.