అమ్మాయి భుజాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి... భయపడాలా?

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై వేలచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మాయికి 12 ఏళ్లు. యూనిఫాం కొలతలు తీసుకుంటూ టైలర్ కుడి భుజం కాస్త ఎత్తుగా ఉందన్నాడు. శరీరం రెండు వైపులా ఒకేలా లేకపోతే జన్యువులు బలహీనమని తను ఎక్కడో చదివి, ఒకటే టెన్షన్ పడుతోంది. నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, పాప చదివినదానికి ఓ ఆధారం ఉంది. కానీ అది తనకు వర్తించదు. ఉదాహరణకు పురుగుల్నే తీసుకోండి. పురుగు కుడి రెక్కకూ ఎడమ రెక్కకూ జన్యువులు ఒకటే. ఎదిగే దశలో తిండి చాలకపోయినా, వేడి మితిమీరినా, విషం తగిలినా రెండు రెక్కల కొలతల్లో సూక్ష్మమైన తేడాలు రావచ్చు. అందుకే జీవశాస్త్రవేత్తలు చాలా పురుగుల్ని కొలిచి, ఆ గుంపు ఎలాంటి పరిస్థితుల్లో పెరిగిందో అంచనా వేస్తారు. అక్కడా అన్నిసార్లూ ఒకే ఫలితం రాదు. మనుషుల్లోనైతే ఆరోగ్యంతో ఈ తేడాలకున్న సంబంధం చాలా బలహీనం. శరీరం సమంగా ఉన్నవాళ్లు బాగా డ్యాన్స్ చేస్తారంటూ జమైకా యువత మీద 2005లో ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనకు ఎంతో ప్రచారం దక్కింది. 2013లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇలాంటివి చదివి ఓ చిన్నపిల్ల తనను తాను తక్కువ చేసుకోవడం నాకు చాలా బాధగా ఉంది. ఈ వయసులో రొమ్ములు కూడా ఒకటి ముందు, ఒకటి వెనక ఎదుగుతాయి. అదీ మామూలేనని తనకు చెప్పండి.

టైలర్ మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాపను పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, అరచేతులు కలిపి ముందుకు వంగమనండి. మీరు వెనక కూర్చుని, వీపు మీ కళ్ల ఎత్తులో ఉండేలా చూడండి. ఒకవైపు పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేస్తే వెన్నెముక పక్కకు వంగి ఉండొచ్చు. దీన్నే స్కోలియోసిస్ అంటాం. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంపు కనీసం 10 డిగ్రీలు ఉంటేనే ఆ పేరు పెడతాం. స్కూల్ బ్యాగ్ వల్లో, వంగి కూర్చోవడం వల్లో ఇది రాదు, కాబట్టి పాపను తిట్టొద్దు.

ఉబ్బు కనిపించినా, మీకు అనుమానంగా ఉన్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. పిల్లలు గబగబా పొడవు పెరిగే ఈ వయసులోనే వంపు కూడా పెరుగుతుంది. చిన్న వంపైతే కొన్ని నెలలకోసారి చూసుకుంటే చాలు. 25 డిగ్రీలు దాటి, ఇంకా ఎదిగే వయసు మిగిలుంటే బ్రేస్ (వంపు పెరగకుండా ఒంటికి తొడిగే గట్టి పట్టీ) వేస్తారు. రోజులో ఎక్కువ గంటలు వేసుకుంటేనే అది పనిచేస్తుంది. రాత్రి నిద్రలేపే నడుంనొప్పి, కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత ఉంటే వెంటనే వెళ్లాలి. పాప రజస్వల అయి ఉంటే ఆ తేదీ డాక్టర్‌కు చెప్పండి, ఎదుగుదల ఇంకెంత మిగిలుందో దాన్నిబట్టి అంచనా వేస్తారు.