"ధర మాట్లాడొద్దు" అన్నవాడికి ఒక్క రూపాయి పంపకండి

ప్రశ్న: కందుకూరులో ఉంటాను. 3 లక్షల లోపు పాత కారు కొనాలి. ఆన్‌లైన్‌లో ఒకటి నచ్చింది. అమ్మే అతను 10 వేలు టోకెన్ పంపితే బండి ఎవరికీ చూపించకుండా ఆపుతానంటున్నాడు. పంపవచ్చా? మెకానిక్‌ని వెంట తీసుకెళ్తే ఏమేం చూడాలి?

పంపకండి. మెకానిక్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ అమ్మే అతన్ని ఒక్క మాట అడగండి: "ఆర్‌సీలో ఎవరి పేరుందో ఆయన ఇంటికే వస్తాను, ఆయన ఎదుటే ధర మాట్లాడతాను, సరేనా?" దానికి అతను ఏ సాకు చెప్పినా ఆ బండి వదిలేయండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2023 అక్టోబరులో ఒంగోలులో, కారు పక్కనే నిలబడి, మేము లక్షా 5 వేలు పోగొట్టుకున్నాం.

మాది కావలి. నేను టీచర్‌ని. మా మామగారికి వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్. మొదట్లో బస్సులోనే తీసుకెళ్లి తీసుకొచ్చేవాళ్లం. తర్వాత తర్వాత తిరుగు ప్రయాణంలో ఆయన కూర్చోలేకపోయేవారు, నా భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకునేవారు. ప్రతిసారీ ట్యాక్సీ అంటే మా వల్ల కాలేదు. చీటీ పాడుకుని పాత కారు కొందామనుకున్నాం.

ప్రకటనల యాప్‌లో మా ఆయనకి ఒక స్విఫ్ట్ డీజిల్ కనిపించింది. 2014 మోడల్, ఏపీ 27 నంబరు, ధర 2 లక్షల 75 వేలు. ఫోన్ చేస్తే మాట చాలా మర్యాదగా ఉంది. "బండి మా బావ దగ్గర ఉందండీ, ఒంగోలులో. ఆయన నాకు డబ్బు బాకీ. ఆ బాకీ కింద బండి అమ్మి సొమ్ము నన్ను తీసుకోమన్నాడు. వెళ్లి చూసుకోండి, నడిపి చూడండి. ఒక్కటే మనవి, ఆయన దగ్గర ధర ఎత్తొద్దు. పెద్దమనిషి, మనసు కష్టపెట్టుకుంటాడు" అన్నాడు. మాకు అది సబబుగానే అనిపించింది. మన ఇళ్లల్లో బాకీల గోల లేనిదెక్కడ? పెద్దాయన్ని నొప్పించకూడదని మేమే అనుకున్నాం. ఆర్‌సీ ఫోటో పంపాడు. బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూశాం. యజమాని పేరు అందులో కొన్ని అక్షరాలే కనబడతాయి గానీ, కనబడినంత వరకూ సరిపోయింది. మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ అన్నీ సరిపోయాయి. శనివారం రాత్రి 5 వేలు టోకెన్ పంపాం.

ఆదివారం పొద్దున తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని ఒంగోలు వెళ్లాం. కర్నూలు రోడ్డు వైపు ఒక కాలనీలో పాత డాబా ఇల్లు. ఆయన రిటైరైన లెక్చరర్. గేటు తీస్తూనే "రండమ్మా, మీ సార్ ఫోన్ చేశారు" అన్నారు. మా సార్ ఎవరో నాకు అర్థం కాలేదు. ఆయన బావమరిదినే మర్యాదకి అట్లా అంటున్నారేమో అనుకున్నా. "మీ సార్ దగ్గర ఎన్నాళ్లుగా ఉంటున్నారు?" అని అడిగారు మా ఆయన్ని. "లేదండీ, ఈమధ్యే పరిచయం" అన్నాడు మా ఆయన. "ఈమధ్యే చేరినవాళ్లకి కారు ఇప్పిస్తున్నాడంటే గొప్పవాడే" అన్నారాయన. ఆ మాట దగ్గరైనా మేము ఆగాల్సింది. ఆగలేదు. మా చూపంతా బండి మీదే ఉంది.

బండి నిజంగా బాగుంది. మెకానిక్ బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉంది, అంటే మేము వచ్చేముందు స్టార్ట్ చేసి వేడెక్కించలేదు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఊరి బయట దాకా నడిపి వచ్చాం. నచ్చిందని ఆ ఫోన్ అతనికి చెప్పగానే లక్ష పంపమన్నాడు, ఆయన ఇంట్లో కూర్చునే పంపాం. మా యూపీఐలో రోజుకి లక్ష దాటి పోదు, కాబట్టి మిగతా లక్షా 70 వేలు బ్యాంకు యాప్‌లో పంపాలి. కొత్త ఖాతా చేరిస్తే అరగంట ఆగమంది యాప్. ఆ అరగంట మా ఆయన విసుక్కుంటూనే ఉన్నాడు. ఫోన్లో అతను నిమిషానికోసారి "అయ్యిందా సార్, అయ్యిందా సార్" అంటున్నాడు.

ఆ అరగంటే మమ్మల్ని కాపాడింది. మాస్టారి భార్య మజ్జిగ గ్లాసులు తెచ్చారు. మా మామగారి జబ్బు సంగతి అడిగారు, నేను చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "పోనీలేమ్మా, మీకు ఇట్లాంటి యజమాని దొరికాడు. 3 లక్షల 60 వేలు చెప్తే బేరం కూడా ఆడలేదంట, మీ జీతంలో కొంచెం కొంచెం కోసుకుంటానన్నాడంట" అన్నారు.

మా ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

తర్వాతి 40 నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇద్దరం మంచివాళ్లమే, ఒకళ్లనొకళ్లు దొంగ అనుకున్నాం. తాళంచెవి మా ఆయన చేతిలోనే ఉంది. "లక్షా 5 వేలు ఇచ్చాం, బండి తీసుకెళ్తాం" అని ఈయన. "నాకు రూపాయి రాలేదు, తాళం ఇటు ఇవ్వండి" అని ఆయన. పక్కింటివాళ్లు గేటు దగ్గర పోగయ్యారు, ఒకబ్బాయి గేటుకి గొళ్లెం పెట్టాడు. చివరికి మా మెకానిక్కే అన్నాడు, "రెండు ఫోన్లూ టీపాయ్ మీద పెట్టండి సార్, నంబరు చూద్దాం" అని. మాస్టారి ఫోన్లో "కారు పార్టీ హైదరాబాద్". మా ఫోన్లో "ఒంగోలు కారు". కింద అవే పది అంకెలు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదివారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

జరిగింది ఇది. మాస్టారు తన కారు 3 లక్షల 60 వేలకి యాప్‌లో పెట్టారు. ఆ దొంగ కొనేవాడిలా ఫోన్ చేసి, ఆర్‌సీ ఫోటో, బండి ఫోటోలు తెప్పించుకుని, వాటితోనే తక్కువ ధరకి ఇంకో ప్రకటన పెట్టాడు. మాకు "మా బావ" అన్నాడు, ఆయనకేమో "మా ఆఫీసులో పనిచేసేవాళ్లు వస్తారు, ధర మాత్రం చెప్పకండి" అన్నాడు. రెండు వైపులా నోరు కట్టేశాడు. ఇంట్లో ఆ అమ్మగారికి ఒక్కరికే ఎవరూ ఏమీ చెప్పలేదు, అందుకే ఆవిడ నోటి వెంట నిజం వచ్చింది. బండి నిజం, కాగితాలు నిజం, మెకానిక్ చూసింది నిజం. అందుకే యాప్‌లో నంబరు చెక్ చేసుకుంటే చాలు అని ఎవరైనా చెప్తే నాకు ఒళ్లు మండుతుంది. మేము చెక్ చేశాం! అన్నీ సరిపోబట్టే మునిగాం.

మాస్టారి ఇంట్లో నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. లావాదేవీ నంబర్లు, ఖాతా వివరాలు తీసుకున్నారు. cybercrime.gov.in అనే సైట్‌లో కూడా ఫిర్యాదు పెట్టాం. 38 వేలు ఒక ఖాతాలో ఆపగలిగారు, అవి కోర్టు ద్వారా మా చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మిగతాది అప్పటికే చేతులు మారిపోయింది. ఆ 40 నిమిషాలు కొట్లాడుకోకుండా ముందే ఫోన్ చేసి ఉంటే ఇంకా కొంత ఆగేదని నా నమ్మకం.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇంటికి వచ్చాక బంధువులంతా ఒకటే మాట, "చదువుకున్నదానివి, పదిమందికి పాఠాలు చెప్పేదానివి, నువ్వెట్లా మోసపోయావే?" అని. దయచేసి ఎవరినీ ఇట్లా అనకండి. ఈ మాటకి భయపడే మా పెద్దమ్మ కొడుకు, ఆర్మీ ఆఫీసర్‌నని యూనిఫాం ఫోటో పంపినవాడికి బండి రవాణా ఖర్చులని మూడు విడతలుగా డబ్బు కట్టి, రెండు నెలలు ఇంట్లో చెప్పకుండా దాచాడు. బదిలీ అయ్యింది, బండి చవగ్గా ఇచ్చేస్తున్నా, రవాణాకి కడితే తర్వాత తిరిగిస్తాం అని చెప్పే ఆ ఆర్మీ కథ ఎన్నేళ్లుగానో నడుస్తోంది. వాడు అదే రోజు 1930కి చేసి ఉంటే కొంతైనా దక్కేది. సిగ్గు మోసం చేసినవాడికి ఉండాలి.

సరే, మీ మెకానిక్ సంగతి. పొద్దున్నే, మీరు వెళ్లేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పి వెళ్లండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. బండి నీళ్లలో మునిగి ఉంటే ఆ లోపలి మడతల్లో బురద చార కనబడుతుంది, కడిగేవాళ్లు అంతదాకా కడగరు. స్టెప్నీ టైరు ఎత్తి గుంటలో తుప్పు చూడండి, సీటు కింద పట్టాలు చూడండి. చెన్నై 2015లో మునిగింది, 2023 డిసెంబరులో మళ్లీ మునిగింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. మనం ఆ రెండు ఊళ్లకీ మధ్యలో హైవే మీద ఉన్నాం. "చెన్నై బండి చవక" అంటే నేనైతే అటు చూడను. పైగా తమిళనాడు నంబరైతే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ చవక ఎటు పోతుందో తెలీదు. మీటరు 40 వేలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటర్‌ని నమ్మకండి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. ఇంతే, మిగతాది మీ మెకానిక్ చూసుకుంటాడు. ఆ మెకానిక్ కూడా మీరు తీసుకెళ్లినవాడై ఉండాలి, అమ్మేవాడు చూపించినవాడు కాదు.

బండి తీసుకున్నాక పేరు మార్పించుకోవడం మాత్రం సాగదీయకండి. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచుకునేవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. బండి అమ్మేసినా రికార్డుల్లో పేరు మారకపోతే ప్రమాదం బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని నిజాయితీగా అమ్మేవాడు మీకన్నా ముందు పేరు మార్చమని తొందరపెడతాడు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరు మీదకి మార్చమని అడగాలి. క్లెయిమ్ చెయ్యనందుకు పాతాయనకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, ఆ తేడా కట్టాలి.

మాస్టారి కారు చివరికి మేమే కొన్నాం. ఆయన లోను ఎప్పుడో తీర్చేశారు గానీ ఆర్‌సీలో బ్యాంకు పేరు అట్లాగే ఉంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించడానికి మూడు వారాలు పట్టింది. మేమూ డబ్బు కూడగట్టుకోవాలి కదా, చేబదులు తెచ్చాం. ఆ మూడు వారాలూ మాస్టారు బండిని ఎవరికీ చూపించలేదు, టోకెన్ ఇస్తామంటే "ఎందుకమ్మా" అన్నారు. 3 లక్షల 40 వేలకి ఇచ్చారు. ధర ఆయన వరండాలో, అమ్మగారి ఎదుట, గట్టిగా పైకే మాట్లాడుకున్నాం. డబ్బు ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే వెళ్లింది, ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చాకే తాళం తీసుకున్నాం. మా మామగారు ఇప్పుడు వెనక సీట్లో కాళ్లు చాపుకుని నెల్లూరు నుంచి పడుకునే వస్తారు.

మీ 10 వేలు ఇంకా పంపకపోతే పంపకండి. పంపేసి ఉంటే, ఆ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి.