స్టీరియో మారిస్తే ఆర్సీ మార్చాలా?

ప్రశ్న: నా కారు 2011 మోడల్. అందులో రేడియో, సీడీ ప్లేయర్ మాత్రమే ఉన్నాయి, బ్లూటూత్ లేదు. ఫోనులో మ్యాప్ పెట్టుకుని బయల్దేరితే "ఎడమవైపు తిరగండి" అన్న మాట ఇంజిన్ చప్పుడులో కలిసిపోతోంది. మలుపు దాటిపోయాక చూసుకుంటున్నాను. కొత్త స్టీరియో పెట్టించుకుందామంటే మా బావమరిది వద్దంటున్నాడు. కారులో ఏ మార్పు చేసినా తప్పేనని సుప్రీంకోర్టు చెప్పిందట, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా అట, పైగా బీమా చెల్లదట. స్టీరియో బిగించే మెకానిక్కేమో "అందరూ పెట్టించుకుంటున్నారు, ఏమీ కాదు" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? స్టీరియో పెట్టించే వరకు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడపవచ్చా?

జవాబు: మీ బావమరిది చెప్పిన మూడు మాటలకూ చట్టంలో మూలం ఉంది. కానీ మొదటి రెండూ మీ స్టీరియోకు వర్తించవు. మూడోది మాత్రం, స్టీరియోను ఎలా బిగించారన్నదాన్ని బట్టి మీ మెడకు చుట్టుకోవచ్చు. మెకానిక్ మాటలో ధైర్యం ఉంది గానీ, రేపు తేడా వస్తే ఆ ధైర్యం మీ పక్షాన సాక్ష్యం చెప్పదు.

ముందు ఆర్సీ సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. చాలామంది ఇక్కడి వరకే చదివి ఆగిపోతారు. అదే సెక్షన్ చివర ఒక వివరణ ఉంది. మార్పు అంటే వాహన నిర్మాణంలో చేసే మార్పు, అదీ వాహనపు మౌలిక లక్షణాన్ని మార్చేసేది అయి ఉండాలి. మీ ఆర్సీ ఒకసారి తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, రంగు, సీట్ల సంఖ్య, బరువు ఉంటాయి. పాటల పెట్టె ప్రస్తావన ఎక్కడా ఉండదు. లేని వివరాన్ని ఎవరూ మార్చలేరు. కాబట్టి స్టీరియో మార్చినందుకు రవాణా కార్యాలయానికి వెళ్లి అనుమతి అడగాల్సిన పని లేదు.

సుప్రీంకోర్టు తీర్పు కూడా నిజమే. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. అది 52వ సెక్షన్‌కు చెప్పిన భాష్యమే తప్ప, ఆ సెక్షన్ పరిధిని దాటి డాష్‌బోర్డులోని ప్రతి మీటనూ నిషేధించిన తీర్పు కాదు. ఆ తీర్పు వచ్చినప్పుడు "కారులో ఏం మార్చినా నేరం" అన్న శీర్షికలు చాలా తిరిగాయి. మీ బావమరిది చదివింది తీర్పు కాదు, శీర్షిక అని నా అనుమానం.

5,000 రూపాయల మాట అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టంలోది. కొత్తగా చేర్చిన 182ఎ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ కింద, చట్టమూ నిబంధనలూ అనుమతించని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విడిభాగాలను తర్వాత అమర్చడం కూడా ఇందులోకి వస్తుందని ఉపసెక్షన్ స్పష్టంగానే అంటుంది. భయం అక్కడి నుంచే పుట్టింది. అయితే "అనుమతించని రీతిలో" అన్నదే ఆ వాక్యానికి ప్రాణం. పాత స్టీరియో తీసి, అదే గూటిలో, అదే కొలతలో మరొకటి బిగించడాన్ని నిషేధించే నిబంధన లేదు.

నిజానికి చట్టానికి కారులోని శబ్దంతో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా మీ చేతితోనూ, డాష్‌బోర్డు వెనకాల వైర్లతోనూ.

చేతి సంగతి చూద్దాం. వాహనం నడుపుతూ చేతిలో పట్టుకునే సమాచార పరికరాన్ని వాడటం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్. మొదటిసారి దొరికితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కేసు కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే రాజీ రుసుము కట్టించుకునే చోట ఆ మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. డ్రైవరు ఏకాగ్రత చెదరని విధంగా, కేవలం దారి తెలుసుకోవడానికి ఆ పరికరాన్ని వాడవచ్చు. స్టాండులో ఉన్న ఫోను దారి చెబుతుంటే మీరు వినడం ఈ వెసులుబాటులోకే వస్తుంది. మాట వినపడలేదని ఫోను చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారంటే ఆ రక్షణ అక్కడితో పోయినట్టే. మీ విషయంలో స్టీరియో మార్చడం చట్టానికి దగ్గర కావడమే తప్ప దూరం కావడం కాదు.

ఈ కోణంలోంచే పరికరాన్ని ఎంచుకోండి. మీ సీడీ ప్లేయర్ ముఖం మీద ఆక్స్ రంధ్రం, అంటే బయటి పరికరాన్ని వైరుతో తగిలించే రంధ్రం, ఉందేమో ముందు వెతకండి. 2011 నాటి కార్లలో చాలావాటికి ఉండేది, యజమానులు గమనించరు. ఉంటే ఒక చిన్న బ్లూటూత్ రిసీవరు దానికి తగిలిస్తే సరిపోతుంది, ఒక్క వైరూ కోయనక్కర్లేదు. ఒక లోపం మాత్రం ఉంది. స్టీరియో ఆక్స్ మీద ఉంటేనే దారి మాట వినపడుతుంది. రేడియో వార్తలు పెట్టుకున్నారంటే వినపడదు, చేయి మళ్లీ ఫోను మీదికి పోతుంది. హ్యాండ్స్‌ఫ్రీ కాల్స్‌కు వీలున్న కొత్త బ్లూటూత్ స్టీరియోల్లో చాలావాటితో, ఫోనులో తగిన అమరిక చేసుకుంటే, రేడియోను ఆపి మరీ మలుపు మాట వినిపించవచ్చు. కొనేముందు దుకాణంలోనే మీ ఫోనుతో కలిపి చూడండి.

సిగరెట్ లైటర్ గూటిలో పెట్టి, ఫోను శబ్దాన్ని కారు రేడియోలోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌ను నేను సిఫారసు చేయను. బ్లూటూత్ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచే లైసెన్సు మినహాయింపు ఉంది. ఎఫ్ఎం పట్టీ అలాంటిది కాదు, అది ప్రసార కేంద్రాలకు కేటాయించినది. పైగా ఊరు మారితే అదే పౌనఃపున్యం మీద వేరే స్టేషన్ దూరుతుంది.

పెద్ద టచ్‌స్క్రీన్ పెట్టించుకునేవారికి ఇంకో హెచ్చరిక. చాలా స్టీరియోల్లో హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే వీడియో కనిపించేలా ఒక వైరు ఉంటుంది. మెకానిక్కులు ఆ వైరును హ్యాండ్‌బ్రేక్‌కు కలపకుండా నేరుగా బాడీకి ఎర్త్ చేసేస్తారు. కారు పరుగెడుతున్నా సినిమా ఆడుతుంది. అడిగితే "సౌకర్యం సార్" అంటారు. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు దారి చూసుకోవడానికి తప్ప నడుపుతూ వీడియో చూడటాన్ని నిషేధించాయి. ప్రమాదం జరిగితే ఆ ఒక్క వైరే మీ నిర్లక్ష్యానికి రుజువుగా నిలబడుతుంది. బిగించేటప్పుడు పక్కనే ఉండి, ఆ వైరు ఎక్కడికి పోతోందో చూడండి.

ఇయర్‌ఫోన్ వద్దు. అవే 2017 నిబంధనలు డ్రైవరు చూపుకూ వినికిడికీ ఆటంకం ఉండకూడదంటాయి. ఒక చెవే కదా అని మీరు వాదించవచ్చు. కానీ వెనక వచ్చిన అంబులెన్సు సైరను మీకు వినపడిందని రుజువు చేసుకోవాల్సిన పరిస్థితి ఎందుకు తెచ్చుకోవడం? వాహనంలో మోతగా సంగీతం పెట్టడాన్నీ అవే నిబంధనలు ఒప్పుకోవు గనక, దారి మాట కోసం కొన్న స్టీరియోకు దద్దరిల్లే పెద్ద ఊఫర్ స్పీకర్లు తగిలించకండి.

ఇక బీమా. నా దగ్గరికి వచ్చే తగాదాలన్నీ దాదాపు ఇక్కడివే. మీ కారు వల్ల వేరొకరికి గాయమైతే, స్టీరియో మార్చారన్న సాకుతో బీమా సంస్థ తప్పించుకోలేదు. మూడో వ్యక్తి పరిహారం విషయంలో సంస్థ చెప్పుకోగల అభ్యంతరాలను మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ కొన్నింటికే పరిమితం చేసింది, వాటిలో స్టీరియో మార్పు లేదు. చిక్కంతా మీ సొంత కారుకు జరిగే నష్టం దగ్గర. ప్రామాణిక పాలసీ నిప్పు అంటుకోవడానికి, కారు తనంత తానే అంటుకోవడానికి కూడా రక్షణ ఇస్తుంది. అదే పాలసీ విద్యుత్ వ్యవస్థ చెడిపోవడాన్ని మినహాయిస్తుంది. పైగా వాహనాన్ని భద్రంగా, సరైన స్థితిలో ఉంచే బాధ్యత యజమానిదే అన్న షరతు పెడుతుంది. డాష్‌బోర్డు వెనక షార్ట్ సర్క్యూట్ అయి కారు తగలబడితే, మీరు మొదటి వాక్యం పట్టుకుంటారు, సంస్థ మిగతా రెండూ పట్టుకుంటుంది.

అప్పుడు నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్ టార్చి వేసి చూసేది స్టీరియో బ్రాండును కాదు. కంపెనీ వైరును మధ్యలో కోసి, రెండు కొసలూ మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టిన అతుకు ఉందా అని చూస్తాడు. వేడికి ఆ టేపు జిగురు కారి జారిపోయి ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట, పదే పదే పోతోందని 20 ఆంపియర్లది పెట్టారా అని చూస్తాడు. బయట దొరికే స్టీరియోల్లో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వచ్చేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు కూడా పసుపు రంగులోనే ఉంటాయి. తొందరలో ఉన్న కుర్రవాడికి ఈ రెండు పసుపుల తేడా తెలియకపోతే జరిగే నష్టానికి చట్టంలో పరిహారం ఉంటుంది గానీ మందు ఉండదు. అందుకే కోత లేకుండా, మీ కారు మోడల్‌కు సరిపోయే కనెక్టరు ద్వారానే బిగించమని పట్టుబట్టండి. పాత స్టీరియో వైర్లు విప్పకముందు, కొత్తది లోపలికి తోయకముందు వెనకాల వైర్లను ఫొటో తీసి ఉంచండి.

వైరింగు తప్పుకూ జరిగిన నష్టానికీ సంబంధం లేకపోతే సంస్థ వాదన బలహీనపడుతుంది. 2008లో ఒక దొంగతనం కేసులో, షరతు ఉల్లంఘన దొంగతనానికి సంబంధం లేనిదని చెబుతూ, క్లెయిములో 75 శాతం చెల్లించాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. క్లెయిము తిరస్కరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా అడగండి. సంస్థకు ఫిర్యాదు చేసి నెల రోజులు చూశాక, తిరస్కరించిన ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 50 లక్షల రూపాయల వరకు అక్కడ విచారిస్తారు, రుసుము లేదు.

తప్పు మెకానిక్‌ది అయితే దారి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది సేవాలోపం. రెండేళ్లలోపు, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకైతే కేసుకు రుసుము లేదు. ముందు రాజీకి ప్రయత్నించాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయండి. అన్నింటికీ బిల్లు ఉండాలి. "బిల్లు లేకపోతే తగ్గిస్తా" అంటే లొంగకండి. బిల్లు ఇవ్వకపోవడమే ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. స్టీరియో మోడల్, సీరియల్ నంబరుతోపాటు "వైర్లు కోయకుండా కనెక్టరుతో అమర్చబడినది" అని బిల్లు మీద ఒక్క ముక్క రాయించుకోండి. ఏ మెకానిక్ అయితే ఆ ముక్క రాయడానికి వెనకాడతాడో అతని చేత పని చేయించకండి.

బిల్లు చేతికి వచ్చిన రోజే బీమా సంస్థకు ఒక ఈమెయిల్ పంపండి. తయారీదారు ధరలో లేని విద్యుత్ పరికరాలను పాలసీలో చేర్చడానికి ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు, ఉంది. పాత టారిఫ్, అంటే బీమా ధరల పట్టిక, ప్రకారం దానికి ఆ సామాను విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. అది లేకపోతే కారు దెబ్బతిన్నప్పుడు స్టీరియో విలువ లెక్కలోకి రాదు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు: "ఫలానా నంబరు పాలసీ ఉన్న నా కారులో ఫలానా తేదీన ఈ స్టీరియో అమర్చాను, బిల్లు జతపరిచాను, ఐఎంటీ 24 కింద చేర్చి అదనపు ప్రీమియం తెలియజేయగలరు." అంతే. జవాబు రాకపోయినా ఆ ఈమెయిల్ ప్రతిని పాలసీతో కలిపి ఉంచండి. వచ్చే పునరుద్ధరణలో విద్యుత్ పరికరాల విలువ అడిగే గడిని ఏజెంటు సున్నాతో నింపకుండా చూసుకోండి.